మామ్ టార్ మీద పిల్లలతో జియోకాచింగ్: గాలి ఇబ్బంది పెడుతుందా?

మాంచెస్టర్ నుంచి పిల్లల్ని తీసుకుని ఇంగ్లాండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న మామ్ టార్ కొండ మీద జియోకాచింగ్‌కి, అంటే ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ ఎవరో దాచిపెట్టిన డబ్బాలు వెతకడానికి వెళ్తున్నాం, గాలికి ఇబ్బందా అని అడిగారు. ఇబ్బందేనండి, కాకపోతే నడకలో కాదు.

ఎత్తు 517 మీటర్లే, దారి పొడవునా చాలాచోట్ల రాతి పలకలు పరిచారు, ఎక్కేటప్పుడు మా ఎనిమిదేళ్ళవాడు చెమట పట్టి జాకెట్ విప్పేశాడు కూడా. అసలు కథ వెతకడం మొదలుపెట్టాక. పై నుంచి హాలిన్స్ క్రాస్ మీదుగా బ్యాక్ టార్ వైపు నడిచేదంతా గట్టు మీదే, అటూ ఇటూ లోయ, చాటన్నది దాదాపు లేదు. ఆకాశం తెరిచి ఉంటుంది కాబట్టి జీపీఎస్‌కి ఢోకా లేదు, అయిదారు మీటర్ల దాకా తెచ్చి వదులుతుంది, ఆ తర్వాత వంగి గడ్డిలోనూ రాళ్ళ సందుల్లోనూ చూసుకోవాల్సింది మనమే. కదలకుండా ఉన్న పది నిమిషాల్లో చెమట చొక్కా చల్లబడి వాడికి వణుకు పట్టుకుంది. నేనేమో ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అంటూ అరగంట చేశాను. మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇప్పుడైతే ఫోన్‌లో డబ్బాకి ఇంకా 30 మీటర్లు అని కనపడగానే ఆగి అందరికీ జాకెట్లు తొడిగి మరీ దగ్గరకెళ్తాం. పది నిమిషాల్లో దొరక్కపోతే యాప్‌లో దొరకలేదని రాసేసి ముందుకే. ఇందులో పరువు పోయేదేం లేదు, అలాంటివి వరసగా పడితేనే డబ్బా పెట్టినాయన వచ్చి చూసుకుంటాడు.

దొరికితే మాత్రం నిలబడి మూత తీయకండి. నేను తీశాను, దొరికినవాళ్ళు పేర్లు రాసే కాగితం కింద లోయలో ఉన్న ఎడేల్ ఊరి వైపు లేచిపోయింది, కంచెకి తగులుకోబట్టి బతికిపోయాను. గాలికి వీపు పెట్టి కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని తీయండి. పెన్సిల్ పట్టుకెళ్ళండి, చెమ్మ పట్టిన కాగితం మీద పెన్ను రాయదు. రాతి గోడలు సిమెంటు లేకుండా పేర్చినవి, పిల్లల్ని రాళ్ళు లాగనివ్వద్దు.

ఇంకోటి, యాప్‌లో బాణం తిన్నగా చూపిస్తుంది తప్ప దారి చూపించదు, పిల్లలేమో బాణం చూసి పరుగెడతారు. మామ్ టార్ తూర్పు పక్కంతా విరిగిపడిన చరియ, దాని కింద రోడ్డు జారిపోయి జారిపోయి 1979లో మూసేశారు. ఆ వైపు అంచుకి పోనివ్వకండి, ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి.

రైల్లో వెళ్ళేట్టయితే ఎడేల్‌లో దిగి హాలిన్స్ క్రాస్‌కి ఎక్కేయండి, పార్కింగ్ గోల ఉండదు.