ఫ్రీమాంట్‌లో అలమీడా క్రీక్ ట్రైల్ మీద వయసు మళ్ళిన ల్యాబ్రడార్‌ను నడిపించవచ్చా?

మీ అమ్మగారు, నాన్నగారు వేసవికి ఇండియా నుంచి వస్తున్నారని, వారు మీ పదేళ్ళ ల్యాబ్రడార్‌ను రోజూ నడకకు తీసుకువెళ్ళాలని అనుకుంటున్నారని, అందుకు ఎత్తుపల్లాలు లేని, నీటి పక్కన సాగే, హాయిగా ఎండ తగిలే బాట కావాలని రాశారు. అలమీడా క్రీక్ ట్రైల్ సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది. మా కుక్క మల్లి చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి, కీళ్ళ నొప్పులు వచ్చి నెమ్మదించిన ఈ రోజుల వరకు, ఎక్కువగా ఆ బాట మీదే నడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: మనకు సులువైన బాట కుక్కకు కూడా అంతే సులువుగా ఉంటుందని ముందే నిర్ణయించుకోకూడదు. అక్కడి ఎండ, ఎండుగడ్డి, నీరు మూడూ మన కంటికి అందంగా కనబడతాయి, కానీ నేలకు రెండడుగుల ఎత్తులో తల పెట్టుకుని, చెప్పులు లేకుండా, ముక్కుతో లోకాన్ని తెలుసుకుంటూ నడిచే ప్రాణికి వాటి సంగతి వేరు.

ముందు బాట గురించి చెబుతాను. అలమీడా క్రీక్ అనే ఈ వాగు నైల్స్ కేన్యన్ అనే కొండలోయ నుంచి బయటికి వచ్చి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, యూనియన్ సిటీల మీదుగా పడమటికి ప్రవహించి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో కలుస్తుంది. 1955 నాటి పెద్ద వరద తరువాతి కాలంలో దానికి ఇరువైపులా గట్లు వేసి వరద కాలువగా మలిచారు, ఇప్పుడు మనం నడిచేది ఆ గట్ల మీదే. అందువల్లనే దాదాపు 12 మైళ్ళ పొడవునా, అంటే సుమారు 19 కిలోమీటర్ల మేర, బాట చదునుగా ఉంటుంది. అందువల్లనే నీడ కూడా చాలా తక్కువ. దక్షిణపు గట్టు మీద తారు పరిచారు, సైకిళ్ళు ఎక్కువగా తిరిగేది అక్కడే. ఉత్తరపు గట్టు మట్టి, కంకరలతో ఉంటుంది, గుర్రాలను కూడా అనుమతిస్తారు. వయసు మళ్ళిన కుక్కకు నేను ఉత్తరపు గట్టునే సూచిస్తాను. తారు కాలినంతగా కంకర కాలదు, మట్టి నేల కీళ్ళకు మెత్తగా ఉంటుంది, వెనుక నుంచి సైకిళ్ళు దూసుకువచ్చే బాధ కూడా తక్కువ.

ఇక ఎండ విషయం. విజయవాడలోనో, ఖమ్మంలోనో మే నెల చూసిన పెద్దవారికి ఇక్కడి 26 డిగ్రీల మధ్యాహ్నం ఎండగానే అనిపించదు, పైగా అఖాతం వైపు నుంచి చల్లని గాలి వీస్తూ ఉంటుంది. మా అత్తగారు వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం శాలువా కప్పుకుని ఆ గట్టు మీద నడిచారు. ఆ చల్లదనాన్ని చూసి కుక్క గురించి అంచనా వేయకండి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది గాని దానితో పెద్దగా ప్రయోజనం లేదు, నాలుక చాచి వగర్చడం ద్వారానే అది ఒంట్లోని వేడిని వదిలించుకోవాలి. తారు మాత్రం గాలి ఎంత చల్లగా ఉన్నా ఎండను పీల్చుకుని కాలుతూనే ఉంటుంది. మీ అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్ల పాటు తారు మీద ఆనించి చూడండి. అంతసేపు ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా దానిని భరించలేవు. ఈ పరీక్షను మీ అమ్మగారికి, నాన్నగారికి మొదటి రోజే చేసి చూపించండి, నోటితో చెప్పడం కన్నా అది బాగా గుర్తుంటుంది.

ల్యాబ్రడార్ విషయంలో ఇంకొక సంగతి కూడా ఉంది, దీనిని చాలామంది వయసు ప్రభావమని వదిలేస్తారు. వయసు పైబడిన ల్యాబ్రడార్లలో స్వరపేటిక కండరాలు బలహీనపడి, ఊపిరి లోపలికి పీల్చుకునే దారి సరిగా తెరుచుకోకపోవడం తరచుగా కనబడే జబ్బు. మొరుగు బొంగురుపోవడం, నీళ్ళు తాగేటప్పుడు పొలమారడం, కొద్దిపాటి నడకకే గరగరమనే శబ్దంతో ఊపిరి పీల్చడం దాని గుర్తులు. వగర్చడమే చల్లబడే మార్గమైనప్పుడు ఆ మార్గమే ఇరుకైతే, మామూలు ఎండ కూడా ప్రాణాంతకం కావచ్చు. మీ కుక్క గొంతు ఈ మధ్య మారినట్టు అనిపిస్తే, పెద్దవారు రాకముందే పశువైద్యుని చేత పరీక్ష చేయించండి. ఒళ్ళు బరువెక్కిన కుక్కకు కూడా వేడి ముప్పు ఎక్కువే, ల్యాబ్రడార్లకు ఆ స్వభావం ఉన్న సంగతి మీకు తెలియనిది కాదు.

కుక్క శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది, 41 డిగ్రీలు దాటితే వడదెబ్బగా భావించాలి. నడకలో థర్మామీటరు ఉండదు కాబట్టి కళ్ళతోనే గమనించాలి. నాలుక వెడల్పుగా బయటికి వేలాడటం, చిగుళ్ళు ముదురు ఎరుపు రంగుకు తిరగడం, చిక్కని చొంగ కారడం, నడక తూలడం, వాంతి కావడం కనబడితే ఆ క్షణమే ఆపేయాలి. ముందు ఒంటినిండా నీళ్ళు పోసి గాలి తగిలేలా చూడాలి, ఆ తరువాతే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తడి తువ్వాలు కప్పి ఉంచకూడదు, అది కాసేపటికే వెచ్చబడి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. అందుకే మా సంచిలో తాగడానికి ఒక సీసా, పోయడానికి మరొక సీసా ఉంటాయి. వాటి బరువు గురించి ఇంట్లో ఎవరు విసుక్కున్నా నేను ఆ అలవాటు మానలేదు.

గాలి దిశను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవి మధ్యాహ్నాలలో గాలి అఖాతం నుంచి లోపలికి వీస్తుంది. పడమటికి నడుస్తున్నంత సేపు అది ముఖాన కొడుతుంది, కుక్క ఉత్సాహంగా ముందుకు లాగుతుంది. వెనుదిరిగిన తరువాత అదే గాలి వీపు వైపుకు మారుతుంది, ముఖానికి చల్లదనం అందదు, నడిచిన అలసట తోడవుతుంది. ముసలి కుక్క యజమాని మీద ప్రేమతో తన శక్తికి మించి వెంట నడుస్తుంది, ఇక చాలని చెప్పదు. కాబట్టి అలసట కనబడినప్పుడు తిరగడం కాదు, కనబడకముందే తిరగాలి. పదిహేను నిమిషాలు వెళ్ళి, పదిహేను నిమిషాలలో తిరిగి రావడంతో ప్రారంభించమని మీ నాన్నగారికి చెప్పండి, అదీ ఉదయం తొమ్మిదిలోపు.

ఇప్పుడు ఎండుగడ్డి. ఈ సమాధానం రాయడానికి నాకు అసలు కారణం ఇదే, ఎందుకంటే ఇండియా నుంచి వచ్చేవారికి దీని పరిచయం ఉండదు, ఇక్కడ ఉండే మనలో కూడా చాలామందికి పశువైద్యుని బిల్లు చూసేవరకు తెలియదు. కాలిఫోర్నియాలో శీతాకాలపు వానలకు మొలిచిన అడవి బార్లీ వంటి గడ్డి జాతులు ఏప్రిల్, మే నెలల్లో కంకి వేసి ఎండిపోతాయి. ఆ ఎండు వెన్నులను ఇక్కడ ఫాక్స్‌టెయిల్ అంటారు. వాటి గింజ మొన సూదిలా ఉంటుంది, దాని మీద ఉండే సన్నని నూగు గాలపు ముల్లులా ఒకే వైపుకు తిరిగి ఉంటుంది. అందుచేత చర్మానికి పట్టుకున్న ముల్లు కుక్క కదిలిన ప్రతిసారీ ముందుకే జరుగుతుంది, వెనక్కి రాదు. వేళ్ళ సందుల్లో, చెవిలో, ముక్కులో, కనురెప్ప కింద, చంకలో ఎక్కడైనా దూరుతుంది, లోపలికి పోయిన తరువాత ఒంట్లో కరిగిపోదు, చీము పట్టిస్తుంది. కొన్నిసార్లు అది చాలా దూరం ప్రయాణించి ఊపిరితిత్తుల దాకా చేరుతుంది.

మల్లి ఒక వేసవిలో ముందు కాలి వేళ్ళ మధ్య అదేపనిగా నాకడం మొదలుపెట్టింది. చూస్తే చిన్న పొక్కు తప్ప ఏమీ లేదు. రెండో రోజుకు అది ఉబ్బి రసి కారింది. వైద్యురాలు మత్తు ఇచ్చి, సన్నని పట్టకారుతో లోపలి నుంచి గోధుమ రంగు ముల్లును బయటికి తీసి నాకు చూపించారు. గోరంత కూడా లేని ఆ వస్తువు మోకాలి వైపుకు దారి చేసుకుంటూ ఉందని ఆవిడ చెప్పినప్పుడు నాకు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. ముక్కులో దూరితే కుక్క ఆపకుండా గట్టిగా తుమ్ముతుంది, ఒక్కోసారి రక్తం వస్తుంది. చెవిలో దూరితే తల ఒక పక్కకు వంచి విదిలిస్తుంది. ఈ రెండింటిలో ఏది కనబడినా ఇంటి వైద్యానికి పూనుకోకుండా, సాయంత్రం వరకు ఆగకుండా ఆ రోజే చూపించాలి, ముల్లు లోపలికి వెళ్ళేకొద్దీ తీయడం కష్టమవుతుంది.

నివారణ మాత్రం ఖర్చు లేనిది. గట్టు అంచున నడుము ఎత్తు గడ్డి ఉంటుంది, కుక్క ముక్కు సహజంగా అటే పోతుంది. బాట మధ్యలో నడిపించాలి. ఇంటికి రాగానే నాలుగు పాదాలనూ ఎత్తి, ఒక్కొక్క వేలి సందు విప్పి, చెవుల లోపలి మడతలు, చంకలు, తోక కింద వేళ్ళతో తడిమి చూడాలి. ఇందుకు ఐదు నిమిషాలు పడుతుంది. మీ అమ్మగారికి తీరిక, ఓపిక ఉంటాయి కాబట్టి ఈ పని ఆవిడకు అప్పగించండి, కుక్కకు కూడా ఆవిడతో చనువు పెరుగుతుంది. వేళ్ళ మధ్య వెంట్రుకలు ఎక్కువగా ఉంటే మే నెలకు ముందే కత్తిరించి పెట్టండి. అదే తడుములో పిడుదులు కూడా దొరుకుతాయి, ఇక్కడ పెద్ద పిడుదులు వానాకాలంలో, అంటే శీతాకాలం నుంచి వసంతం వరకు చురుకుగా ఉంటాయి.

నీటి దగ్గరికి వస్తే, ల్యాబ్రడార్‌కు నీరు కనబడితే దూకాలనిపించడం సహజం, కానీ వేసవిలో ఈ వాగులోకి గాని, దాని పక్కనే ఉన్న క్వారీ లేక్స్‌లోకి గాని దిగనివ్వకండి. క్వారీ లేక్స్ ఒకప్పుడు కంకర తవ్విన గోతులు, ఇప్పుడు భూగర్భ జలాలను నింపే చెరువులు. నీరు వేడెక్కి నిలకడగా ఉన్నప్పుడు అటువంటి చోట నీలి ఆకుపచ్చ నాచు పెరుగుతుంది, అక్కడ ఆ హెచ్చరిక బోర్డులు ఇదివరకు పెట్టినవే. ఆ నాచులోని విషం కుక్కల కాలేయాన్నీ, నరాలనూ దెబ్బతీస్తుంది. తాగకపోయినా, తడిసిన ఒంటిని నాక్కున్నా చాలు. వాంతులు, చొంగ, వణుకు, తూలుడు కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల లోపు మొదలవుతాయి, దానికి విరుగుడు మందు లేదు. అడవి జంతువుల మూత్రం కలిసిన నిలవ నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది, అది మనుషులకు కూడా రాగలదు. దానికి టీకా ఉంది, ఏటా వేయించాలి. మీ కుక్కకు వేయించారో లేదో చూసుకోండి. ఈదించాలని మీకు గట్టిగా ఉంటే ఒక సెలవు రోజున ఉత్తరాన రిచ్‌మండ్‌లోని పాయింట్ ఇసబెల్‌కు తీసుకువెళ్ళండి, అక్కడ కుక్కలను విడిచి తిప్పే అనుమతి ఉంది. అది ఉప్పునీరు కాబట్టి తాగడానికి మంచినీళ్ళు తరచుగా ఇస్తూ ఉండాలి.

పెద్దవారి చేతికి సాగే లీష్ ఇవ్వవద్దు. ఈ పార్కుల నిబంధన ప్రకారం లీష్ ఆరడుగులకు మించకూడదు, అది న్యాయమైన నిబంధన కూడా. సాగే తాడు సైకిలుకు అడ్డంగా చాచుకుంటే ముగ్గురూ పడతారు. కుక్కను తమకు కుడి పక్కన, అంటే బాట అంచు వైపు నడిపించమని, వెనుక నుంచి గంట గాని, కేక గాని వినబడితే పక్కకు గెంతకుండా ఉన్నచోటే నిలబడమని చెప్పండి. ల్యాబ్రడార్ బాతును చూసి ఒక్కసారిగా లాగితే అరవై దాటిన మనిషి మణికట్టు ఆగదు, అందుచేత మెడ పట్టీకి బదులు ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ వేయండి, లీష్‌ను వేళ్ళకు చుట్టుకోవద్దని ప్రత్యేకంగా చెప్పండి. మలం తీసే సంచుల విషయంలో పెద్దవారు మొదట ఇబ్బంది పడతారు. అది ఈ వాగు నీళ్ళలోకి, అక్కడి నుంచి మన తాగునీటి బావులను నింపే చెరువుల్లోకి చేరుతుందని వివరిస్తే మా మామగారు మరుమాట లేకుండా ఒప్పుకున్నారు.

బాట పడమటి కొసన కయోటీ హిల్స్ అనే పార్కు చాలా అందంగా ఉంటుంది, కానీ అక్కడి చిత్తడి నేలల బాటల్లోకి కుక్కలను అనుమతించరు, ఎండ కాసే రాళ్ళ దగ్గర తాచుపాముల వంటివి కాకపోయినా, అంతే ప్రమాదకరమైన గిలక పాములు ఉంటాయి. నైల్స్ కొండల వైపు కూడా ఆ పాములు ఉంటాయి. అఖాతం చుట్టూ ఉన్న ప్రతి నీటి బాటలోకీ కుక్కకు ప్రవేశం ఉంటుందని అనుకోవద్దు, మౌంటెన్ వ్యూలోని షోర్‌లైన్ పార్కులో పక్షుల రక్షణ కోసం కుక్కలను పూర్తిగా నిషేధించారు. వారు వచ్చాక మొదటి వారాంతంలో మీరే వెంట ఉండి ఉత్తరపు గట్టు మీద రెండు మూడు సార్లు నడవండి, ఎక్కడ వెనుదిరగాలో ఒక వంతెనను గుర్తుగా చూపించండి, రాత్రి కూడా తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి నంబరును వారి ఫోన్లలో తెలుగులోనే పేరు పెట్టి భద్రపరచండి, మీ నంబరును కుక్క పట్టీ బిళ్ళ మీద చెక్కించండి.