జాంబియా రాగి గనిలో జాబ్, అబ్బాయిని పంపొచ్చా?

కొత్తగూడెం నుంచి ఒక తండ్రి అడిగారు. ఆయన సింగరేణిలో చేస్తున్నారు, అబ్బాయి మైనింగ్ బీటెక్ అయ్యాక ఒక ఓబీ (బొగ్గు మీదున్న మట్టి, రాళ్లు తీసే పని) కాంట్రాక్టర్ దగ్గర చేస్తున్నాడు, ఇప్పుడు జాంబియాలో రాగి గనులుండే కాపర్‌బెల్ట్ ప్రాంతంలో ఆఫర్ వచ్చింది, జీతం బాగుంది, పంపొచ్చా అని.

పంపొచ్చు సార్, కాకపోతే ఆ దేశం దేని మీద నడుస్తుందో ముందు చూడండి. జాంబియా ఎగుమతుల్లో దాదాపు 70 శాతం రాగే, అందుకని రాగి రేటు పడితే దెబ్బ కంపెనీతో ఆగదు, సర్కారుకి డాలర్లు తగ్గిపోతాయి, వాళ్ల కరెన్సీ క్వాచా కూడా పడిపోతుంది. 2015లో అదే అయ్యింది, గ్లెన్‌కోర్ అనే మైనింగ్ కంపెనీ వాళ్లు అక్కడి మోపాని గనుల్లో ప్రొడక్షన్ చాలావరకు ఆపేశారు, వేల మందికి పని పోయింది. రేటు పెరిగితే ఇంకో పంచాయితీ, మా రాగి తవ్వుకుపోతున్నారు మాకేం మిగిల్చారు అని సర్కారు రాయల్టీ (ఖనిజం తవ్వుకున్నందుకు కంపెనీ కట్టేది) పెంచుతుంది, కంపెనీ పెట్టుబడి ఆపేస్తా అంటుంది. సర్కారు అడగడంలో తప్పులేదనే నేనంటాను, ఖనిజం ఒకసారి పోతే మళ్లీ రాదు కదా. కానీ మధ్యలో నలిగేది పనిచేసేవాళ్లే.

మన వేదాంత కంపెనీనే చూడండి, జాంబియాలోని కొంకోలా కాపర్ మైన్స్‌లో వాళ్లది 79.4 శాతం వాటా, మిగతాది జాంబియా ప్రభుత్వ సంస్థది, అయినా 2019 మేలో సర్కారు ఆ కంపెనీని వేదాంత చేతిలోంచి తీసి లిక్విడేటర్‌ (కంపెనీని మూసే ప్రక్రియ చూసే అధికారి) చేతిలో పెట్టేసింది, కేసులన్నీ తేలి వేదాంత చేతికి తిరిగి వచ్చేసరికి 2024 అయ్యింది. ఈలోపు సప్లయర్లు, కాంట్రాక్టర్ల బకాయిలు పేరుకుపోయి, వాటిని తీర్చడానికే వేదాంత 25 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

అందుకే ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద ఉందో చూడండి, గని ఓనర్ కంపెనీదా, కింద సబ్‌కాంట్రాక్టర్‌దా. సబ్‌కాంట్రాక్టర్ అయితే జీతం డాలర్లలోనా క్వాచాల్లోనా, గని మూతపడితే ఎన్ని నెలల జీతం ఇస్తారు, రిటర్న్ టికెట్ ఎవరిది, ఇవన్నీ రాతలో తీసుకోండి, నోటిమాట వద్దు.

ఇంకోటి, వెళ్లేలోపు ఇక్కడ సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ (గనుల్లో బాధ్యతగల పోస్టులకి కావాల్సిన సర్కారు పరీక్ష) రాయించండి, దాని విలువ మీకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ ఏం జరిగినా తిరిగొచ్చి నిలబడటానికి అదే ఆధారం. అబ్బాయికి లెక్కలు, చట్టాలు ఇష్టమైతే రెండు మూడేళ్లు ఫీల్డ్ చేసి మినరల్ ఎకనామిక్స్‌లో, అంటే ఖనిజాల ధరలు, ఖర్చులు, పన్నుల లెక్కల చదువులో, మాస్టర్స్ వైపు ఆలోచించమనండి, ఎందుకంటే కంపెనీ చూపించే ఖర్చులు, అమ్మకం రేట్లు నిజమో కాదో పట్టుకోగల మనుషులు ఇలాంటి దేశాలకి చాలా అవసరం, గని లోపల పనిచేసి వచ్చినవాడికైతే ఆ లెక్కల్లో ఏది అబద్ధమో ఇట్టే తెలుస్తుంది.