చేత్తో తిప్పే ఆగర్: 8 అంగుళాలదా, 6 అంగుళాలదా?

అమెరికాలోని మిన్నెసోటాలో ఇది మొదటి చలికాలమని, గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి, మంచులో రంధ్రం తొలిచే, చేత్తో తిప్పే ఆగర్ కొనాలనుకుంటున్నానని రాశారు. దుకాణంలో 8 అంగుళాల వెడల్పుది తీసుకోమన్నారట, మీ ఏడేళ్ల బాబు కూడా వెంట వస్తాడట. మీరు 6 అంగుళాలదే తీసుకోండి. నేనూ ఇక్కడే ఉంటున్నాను. మొదటి రెండు చలికాలాలు 8 అంగుళాల దానితోనే తంటాలు పడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండు అంగుళాలే కదా తేడా అనిపిస్తుంది. కానీ మీ చేతులు తొలిచి తీయవలసింది గుండ్రటి మంచుదిమ్మ మొత్తాన్ని. 6 అంగుళాల రంధ్రం వైశాల్యం దాదాపు 28 చదరపు అంగుళాలు, 8 అంగుళాలదైతే 50. అంటే ప్రతి రంధ్రానికీ ఇంచుమించు రెట్టింపు పని. పైగా ఒక్క రంధ్రంతో పని జరగదు. చేపలు ఎర ముట్టకపోతే నాలుగడుగులు జరిగి మళ్లీ తొలవాలి, పూటకు పది రంధ్రాలు మామూలే. జనవరిలో మంచు అడుగు మందం దాటాక, 8 అంగుళాల ఆగర్‌తో నాలుగో రంధ్రానికే నా చొక్కా చెమటతో తడిసిపోయేది. సున్నాకు 15 డిగ్రీల దిగువన ఒంటి మీద చెమట ఎంత ప్రమాదమో మొదట్లో నాకు తెలియదు. తిప్పడం ఆపిన పది నిమిషాలకే వణుకు పట్టుకునేది. పిల్లవాడిని వెంట తీసుకెళ్లే తండ్రి ఆ స్థితికి రాకూడదు.

చేప ఆ రంధ్రంలో పట్టదేమోనన్న భయం వద్దు. సన్‌ఫిష్, క్రాపీ, పెర్చ్‌లకు 5 అంగుళాలే చాలు. మేము వండుకునే పాటి వాలై చేపలు 6 అంగుళాల రంధ్రంలోంచి ఇబ్బంది లేకుండా పైకి వచ్చాయి. పెద్ద నార్తర్న్ పైక్ చేపల కోసమే వెళ్లేవారికైతే 8 అంగుళాలది అవసరం.

కొలత కంటే నేను ఎక్కువగా పట్టించుకునేది బ్లేడును. ఆగర్ అంటే మన వడ్రంగి బరమాకు పెద్దన్న లాంటిది, ప్రాణమంతా అడుగున ఉన్న ఆ రెండు బ్లేడుల అంచులోనే ఉంటుంది. పదును ఉంటే మంచు కొబ్బరి కోరులా రేకులు రేకులుగా పైకి లేస్తుంది. పదును పోతే సన్నటి పిండిలా రాలుతుంది, ఆగర్ కిందికి దిగదు. మీ బరువంతా దాని మీద మోపవలసి వస్తోందంటే లోపం మీ బలంలో కాదు, బ్లేడులోనే ఉంది.

నా మొదటి బ్లేడులను నేనే పాడుచేసుకున్నాను. ఒడ్డు దగ్గర రెండడుగుల లోతు కూడా లేని చోట తొలుస్తుంటే, మంచు తెగిన ఊపుకు ఆగర్ జారి అడుగునున్న గులకరాళ్లకు తగిలింది. ఆ ఒక్క దెబ్బతో అంచు మొద్దుబారింది. ఇంట్లో ఆకురాయితో సానపెడితే కోణం మారి ఇంకా చెడిపోయింది. చివరికి కొత్త జత కొన్నాను. అందుకే కొనేటప్పుడే ఆ ఆగర్‌కు విడి బ్లేడుల జత దొరుకుతుందో లేదో చూడండి, రెండింటినీ ఒకేసారి మార్చాలి. బ్లేడు తొడుగు తప్పక ఉండాలి, కారులో మీ బాబు పక్కన వట్టి బ్లేడు ఉంచకండి. అతుక్కున్న మంచు రాల్చడానికి ఆగర్‌ను నేలకేసి కొట్టకండి. మళ్లీ గడ్డకట్టిన పాత రంధ్రాన్ని దీనితో తెరవబోకండి. బ్లేడు ఇరుక్కుని అంచు విరుగుతుంది, పక్కన కొత్తది తొలచడమే సులువు. ఇంటికి వచ్చాక తుడిచి, ఆరబెట్టి, కాస్త నూనె రాయండి.

దుకాణంలో ఆగర్‌ను నిలబెట్టి, మందపాటి చేతితొడుగులతోనే పిడి తిప్పి చూడండి. పిడి ఎత్తు మార్చుకునే వీలుంటే మంచిది, నడుము వంచి తిప్పితే మర్నాడు లేవలేరు. బ్యాటరీ డ్రిల్లుకు బిగించే రకాలు కూడా ఉన్నాయి కానీ చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. మొదటి ఏడాది చేతిదే చాలు.

ఆగర్‌తో పాటు ఉలిమొనలాంటి ఇనుప పలుగు ఒకటి కొనండి. నడుస్తూ ముందున్న మంచును దానితో పొడిచి చూసుకోవాలి. గట్టి, స్వచ్ఛమైన మంచు కనీసం 4 అంగుళాలు ఉంటేనే నడవమని ఇక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. పాలలా తెల్లగా ఉన్న మంచైతే దానికి రెట్టింపు ఉండాలి. బాబుకు లైఫ్ జాకెట్ తొడగండి.

రంధ్రంలో తేలే మంచుముక్కలు తీయడానికి మాత్రం వేరే గరిటె కొనక్కరలేదు. బూరెలు తీసే జల్లిగరిటె 6 అంగుళాల రంధ్రానికి సరిగ్గా సరిపోతుంది. కాడకు గుడ్డ చుట్టి ఆ పని మీ బాబుకు అప్పగించండి, మా అమ్మాయి ఇప్పటికీ దాన్ని ఇంకెవరికీ ఇవ్వదు.