ఆక్వాపోరిన్ పొరలో ఉప్పు కారుతోంటే ముందు డిటర్జెంట్‌ని అనుమానించండి

ఉప్పునీటిని వడకట్టే పాలీఅమైడ్ పొరలో ఆక్వాపోరిన్-జెడ్ (నీటిని దాటనిచ్చే ప్రోటీన్) ఉన్న లైపోజోములు (కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ బుడగలు) కలిపాక నీటి ప్రవాహం పెరిగింది గానీ, ఉప్పుని ఆపడం 96 నుంచి 85 శాతానికి పడిందని, ఎందుకని ఒకరు అడిగారు. ఆ ఉప్పు ప్రోటీన్ లోంచి రావట్లేదు. ఆ ఇరుకు దారి సోడియం అయాన్‌ని దాటనివ్వదు. పాలీఅమైడ్ పొరలోనే చిల్లులున్నాయి.

నా మొదటి అనుమానం ప్రోటీన్‌ని కరిగించి ఉంచడానికి వాడి, మిగిలిపోయిన ఆక్టైల్ గ్లూకోసైడ్ అనే డిటర్జెంట్ మీద. దాని అణువులు మిసెల్స్ అనే గుంపులు కట్టడం మొదలయ్యే గాఢత సుమారు 20 మిల్లీమోలార్, అంత ఎక్కువ కాబట్టి డయాలిసిస్‌తోనే (సన్న రంధ్రాల పొర గుండా చిన్న అణువుల్ని బయటి బఫర్‌లోకి పోనివ్వడం) పోతుంది. బఫర్ మూడు నాలుగుసార్లు మార్చండి, ఒక్కసారితో సరిపెట్టకండి. తర్వాత లైపోజోముల్ని 200 నానోమీటర్ల రంధ్రాలున్న మెంబ్రేన్ గుండా ఎక్స్‌ట్రూడ్ చేయండి, అంటే ఒత్తిడితో నెట్టండి. గుంపు కట్టిన లైపోజోముల చుట్టూ పొర సరిగా అల్లుకోదు.

పాలీఅమైడ్ పొర రెండు రసాయనాలు కలిసి ఏర్పడుతుంది. మొదటిదైన ఎంపీడీ (మెటా-ఫినైలీన్ డయమైన్) ద్రావణం పట్టించాక, అడుగున ఆధారంగా ఉండే పాలీసల్ఫోన్ మీద బొట్టు కూడా కనపడకూడదు. రబ్బరు రోలర్‌తో తీసేశాకే హెక్సేన్‌లో కలిపిన రెండోది, 0.1 శాతం టీఎంసీ (ట్రైమెసోయిల్ క్లోరైడ్) పోయండి.

పోలికకి ప్రోటీన్ లేని లైపోజోములతో ఒక పొర చేయండి. అదీ కారితే తప్పు ప్రోటీన్‌ది కాదు. పనిచేయని ఆర్189ఏ మ్యూటెంట్ (ఒక అమైనో ఆమ్లం మార్చిన ఆక్వాపోరిన్-జెడ్) దొరికితే ఇంకా మేలు.