జూన్ ఫీజు డబ్బు ఏప్రిల్ సినిమాలో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది భీమవరం. ఎలక్ట్రికల్ షాపు ఉంది. షాపు ఖర్చులు పోను నెలకు 45 వేల దాకా వస్తుంది, ఇల్లు గడవడానికి 38 వేలవుతుంది. బ్యాంకులో 3 లక్షల 40 వేలు దాచాం. అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాస్తోంది. జూన్ మొదటి వారంలో ఇంటర్ ఫీజు, హాస్టల్, పుస్తకాలు అన్నీ కలిపి 2 లక్షల 20 వేలు కట్టాలి. మా ఇంటిల్లిపాదికీ సినిమా పిచ్చి. సంక్రాంతి సినిమాలు దిగిపోగానే వేసవిలో ఏవి వస్తున్నాయా అని లెక్కలు మొదలవుతాయి. నా చిన్ననాటి స్నేహితుడు సినిమా బయ్యర్ల (జిల్లాల వారీగా సినిమా ఆడించే హక్కులు కొనేవాళ్ల) దగ్గర తిరుగుతుంటాడు. ఏప్రిల్ చివర్లో రాబోయే ఓ పెద్ద హీరో సినిమా 'వెస్ట్' (పశ్చిమ గోదావరి) హక్కుల్లో చిన్న వాటా ఉందట. 3 లక్షలు పెడితే విడుదలైన పది రోజుల్లో 40 శాతం లాభంతో తిరిగిస్తానంటున్నాడు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. పెట్టొచ్చా? ఇంకో చిన్న సందేహం. పోయిన వేసవిలో నాలుగు సినిమాలకు 9 వేలయ్యాయి. క్రెడిట్ కార్డు మీద పెట్టి ఆ బాకీ దసరా దాకా లాగాను. ఈసారి ఎలా సర్దుకోవాలి?

జవాబు: పెట్టొద్దు. సినిమా ఆడదని కాదు. బ్రహ్మాండంగా ఆడొచ్చు, ఆడాలనే నాకూ ఉంది. మీకు డబ్బు కావాల్సిన తేదీ తెలుసు, అది వచ్చే తేదీ మాత్రం మీ స్నేహితుడికీ తెలియదు, ఆ నిర్మాతకూ తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

'కల్కి 2898 ఏడీ' సంగతి గుర్తుందా? 2024 మే 9న వస్తుందని ముందే ప్రకటించారు. ఈలోగా ఎన్నికల షెడ్యూలు వచ్చింది, మే 13న రెండు రాష్ట్రాల్లోనూ పోలింగ్. సినిమా జూన్ 27న విడుదలైంది, బాగా ఆడింది. కానీ మధ్యలో ఏడు వారాలు పోయాయి. మీ సినిమాకు ఏడు వారాలు అక్కర్లేదు, నాలుగు వారాలు వాయిదా పడినా చాలు, కాలేజీ కౌంటర్ దగ్గర మీరు వేరే అప్పు వెతుక్కోవాలి. ఇక 2020 వేసవి గురించి చెప్పేదేముంది? మార్చి 25న లాక్‌డౌన్ పడితే రిలీజుకు రెడీ అయిన సినిమాలు హాళ్లకు రాకుండా ఆగిపోయాయి.

తేదీకే వచ్చినా వాన రావొచ్చు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న విడుదలైంది. సరిగ్గా ఆ రోజే మన తీరాన్ని పెద్ద తుపాను తాకింది. మొదటి రోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి. తర్వాత వాన వెలిశాక జనం విరగబడ్డారు, ఎంత పెద్ద హిట్టయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కథ చెప్పి ధైర్యం తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నాకైతే అందులో వేరేది కనిపిస్తుంది. ఆ రోజుల్లో సినిమా వారాల తరబడి హాల్లో ఉండేది కాబట్టి తేరుకుంది. ఇప్పుడు శుక్ర, శని, ఆదివారాల్లోనే సగం కథ తేలిపోతుంది. ఆ మూడు రోజులూ వానకు పోతే సోమవారం పిలిచి మరీ టికెట్ ఇచ్చినా రారు.

మీ వ్యాపారంతోనే పోల్చి చూడండి. ఈ వేసవిలో అమ్ముడుపోని ఫ్యాను వచ్చే వేసవికి అమ్ముతారు. కాస్త దుమ్ము దులపాలి, అంతే. శనివారం సెకండ్ షోలో అమ్ముడుపోని సీటు మళ్లీ అమ్ముడుపోదు.

ఇక లాభం లెక్క. పోస్టరు మీద వేసే వంద కోట్లు, రెండొందల కోట్లు గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. అది బయ్యరు చేతికి వచ్చే డబ్బు కాదు. 177 రూపాయల టికెట్ తీసుకోండి. వంద దాటిన టికెట్ కాబట్టి 18 శాతం జీఎస్టీ, అంటే 27 రూపాయలు పోతాయి. 150 మిగిలింది. అందులో థియేటర్ అద్దె, ఇతర ఖర్చులు తీసేశాక మిగిలేదే షేర్. లెక్క సులువుగా ఉండడానికి వంద అనుకుందాం. జిల్లా హక్కులు 5 కోట్లకు కొన్నారనుకోండి, అసలు రావడానికే 5 లక్షల టికెట్లు తెగాలి. (జిల్లాలు మారినా సినిమా వాళ్ల లెక్కలో వెస్ట్ అంటే ఇప్పటికీ పాత పశ్చిమ గోదావరే, అది కాస్త నయం.) పబ్లిసిటీ, ఫైనాన్షియర్ వడ్డీ దీనికి అదనం. మీ స్నేహితుణ్ని ఒక్కటే అడగండి: మొత్తం ఎంతకు కొన్నారు, ఎంత షేర్ వస్తే మన డబ్బు మనకొస్తుంది? సమాధానం అంకెల్లో రావాలి. "ఈ హీరోకు ఓపెనింగ్స్ గ్యారంటీరా" అన్నాడంటే, ఆయనకూ ఆ అంకె తెలియదన్నమాట.

ఏ పద్ధతిలో కొన్నారో కూడా అడగండి. ఎన్‌ఆర్‌ఏ మీద, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని అడ్వాన్సు మీద కొంటే, నష్టమంతా కొన్నవాళ్లదే. రిఫండబుల్ అడ్వాన్సు అయితే తగ్గిన మేర నిర్మాత తిరిగివ్వాలి. సినిమా పోయినప్పుడు హీరోలు, నిర్మాతలు మంచి మనసుతో కొంత వెనక్కి ఇవ్వడమూ ఉంది. 2002లో 'బాబా' ఆడనప్పుడు రజనీకాంత్ డిస్ట్రిబ్యూటర్లకు డబ్బు తిరిగిచ్చారు. కానీ అలాంటి డబ్బు మొదట అసలు బయ్యరుకు వస్తుంది. ఆయన ఫైనాన్షియర్‌కు కట్టాలి, తర్వాత పెద్ద వాటాదార్లకు, ఆ తర్వాత మీ స్నేహితుడికి. ఆ వరసలో చివర నిలబడేది మీరే.

నాకు అన్నిటికంటే అనుమానం కలిగించింది ఆ 40 శాతమే. బజారులో నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు దొరుకుతుంది. 3 లక్షలకు నెల వడ్డీ 6 వేలు. 6 వేలతో అయ్యే పనికి మీకు లక్షా 20 వేలు ఎందుకిస్తానంటున్నారు? సినిమా పోయినా వడ్డీవాడికి అసలు కట్టాలి, మీకైతే కట్టక్కర్లేదు. ఆ తేడాకే అంత ధర. మీ స్నేహితుడు మోసగాడని నేననడం లేదు. నిజంగా నమ్మే చెబుతుండొచ్చు. నమ్మి చెప్పేవాళ్ల దగ్గరే మనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటాం.

మా పెదనాన్న కూడా ఓ వేసవి సినిమాలో ఇలాగే వాటా పెట్టారు. సినిమా రెండో వారం చూడలేదు. ఆయనకు వచ్చింది మిగిలిపోయిన వాల్‌పోస్టర్ల కట్ట. వాటిని తిరగేసి మా పిల్లలందరి పుస్తకాలకీ రెండేళ్లపాటు అట్టలు వేశాం.

ఇప్పుడు మీ 3 లక్షల 40 వేల సంగతి. ఫీజుకు పోయే 2 లక్షల 20 వేలను ఈ వారమే మే నెలాఖరుకు మెచ్యూర్ అయ్యేలా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. 5 శాతం వడ్డీ అనుకున్నా మూడు నెలలకు 2,750 రూపాయలు వస్తాయి. పెద్ద మొత్తం కాదు, తెలుసు. కానీ జూన్ మొదటి వారానికి డబ్బు చేతిలో ఉంటుంది. మిగిలిన లక్షా 20 వేలు మిగులు డబ్బు అనుకుంటున్నారేమో, కాదు. మీ ఇంటికి మూడు నెలల ఖర్చు లక్షా 14 వేలు. షాపు ఒక్క సీజన్ దెబ్బతింటే మిమ్మల్ని ఆదుకునేది అదే. అది సేవింగ్స్ ఖాతాలోనే, లేదా ఎప్పుడంటే అప్పుడు తీసుకునే స్వీప్ డిపాజిట్‌లో ఉండనివ్వండి. ఏప్రిల్‌లో డబ్బు తిప్పి సంపాదించాలనే సరదా ఉంటే షాపులోనే తిప్పండి. రొక్కం ఇస్తే డీలరు కూలర్ల మీద ఎంత తగ్గిస్తాడో మీకు బాగా తెలుసు. దానికి కూడా షాపు రొక్కమే వాడండి, ఫీజు డబ్బు ముట్టుకోవద్దు.

ఇంత చెప్పినా స్నేహం కొద్దీ కొంత ఇవ్వక తప్పదనుకుంటే, తిరిగి రాకపోయినా నిద్ర పట్టేంత మాత్రమే ఇవ్వండి. మీ పరిస్థితికి 15 వేలు దాటకూడదు. ఇచ్చేముందు అది అప్పా, భాగస్వామ్యమా తేల్చుకోండి. అప్పయితే బ్యాంకు ద్వారా పంపి ప్రోనోటు రాయించుకోండి, దాని మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. 'నువ్వూ పార్ట్‌నరే' అన్నారంటే ఇంకా జాగ్రత్త. భాగస్వామ్య సంస్థలో నష్టం మీరు పెట్టిన మొత్తంతో ఆగదు, దాని బాకీలకు మీ ఆస్తి కూడా జవాబు చెప్పాలి. పైగా ఆ సంస్థ రిజిస్టరు కాకపోతే మీ వాటా కోసం కోర్టుకు వెళ్లే దారి కూడా దాదాపు మూసుకున్నట్టే.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట ఇంకోటుంది. మీ ఆవిడకు చెప్పలేదన్నారు. ఈ రాత్రే చెప్పండి. ఆవిడ మొదట అడగబోయే రెండు ప్రశ్నలు నా జవాబు మొత్తం కంటే పదునుగా ఉంటాయని నా నమ్మకం.

టికెట్ల విషయం సులువే. నాలుగు సినిమాలూ మొదటి రోజే చూడాలని లేదు కదా? ఇంట్లో ఓటింగ్ పెట్టి ఒకటి మొదటి వారాంతానికి ఉంచుకోండి. పెద్ద సినిమాలకు ప్రభుత్వం ఇచ్చే ధర పెంపు కొన్ని రోజులకే, మిగిలినవి అది తగ్గాక చూడండి. ఒక్కో టికెట్ మీద 75 రూపాయలు తగ్గినా నలుగురికి 300, మూడు సినిమాలకు 900. ఇంటర్వెల్ పాప్‌కార్న్ గురించి నేను మాట్లాడను, నాకూ అదే బలహీనత. కార్డు మాత్రం వద్దు. బాకీ లాగితే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడుతుంది, చూసేసిన సినిమాకు అయిదు నెలలు వడ్డీ కట్టారు మీరు. ఈ మార్చి నుంచే నెలకు 2 వేలు విడిగా తీసి పెట్టండి. మే వచ్చేసరికి 6 వేలు. ఆ 6 వేలలో ఎన్ని సినిమాలైతే అన్ని.

స్నేహితుడికి ఏం చెప్పాలో తెలియక మొహమాటపడుతున్నట్టున్నారు. జరిగిందే చెప్పండి: "డబ్బు అమ్మాయి ఫీజుకు డిపాజిట్ చేసేశాన్రా, సర్దలేను. మొదటి ఆదివారం మ్యాట్నీకి బాల్కనీలో నాలుగు టికెట్లు మాత్రం తీసిపెట్టు, డబ్బులు అప్పుడే ఇచ్చేస్తా."