ఒకే స్పెల్లింగ్‌తో ముగిసినా కొన్ని ఇంగ్లీషు మాటలకు రైమ్ ఎందుకు కుదరదు?

ఇంగ్లీషులో రైమ్‌ను నిర్ణయించేది స్పెల్లింగ్ కాదు, చెవికి వినిపించే శబ్దం. మాటలో చివరగా నొక్కి పలికే అచ్చు దగ్గర్నుంచి ఆఖరు దాకా రెండు మాటలూ ఒకేలా పలకాలి, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి.

కైట్ అంటే గాలిపటం, హైట్ అంటే ఎత్తు, లైట్ అంటే వెలుగు. మూడింటి చివరా రాత వేరు, అయినా రైమ్ చక్కగా కుదురుతుంది. అదే ఓ-యూ-జీ-హెచ్‌తో ముగిసే మాటలు చూడండి: దగ్గు కాఫ్, గరుకు రఫ్, పిండిముద్ద డో, 'గుండా' అనడానికి త్రూ. ఒక్కటీ ఇంకోదానితో కలవదు! 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి, ఉచ్చారణ మాత్రం ఆ తర్వాత కూడా మారుతూనే వచ్చింది.

మన అంత్యప్రాస అలవాటుతో చాలామంది చివరి శబ్దం కలిస్తే చాలనుకుంటారు. చాలదు. హ్యాపీ, సిటీ రెండూ 'ఈ'తోనే ముగుస్తాయి, కానీ నొక్కి పలికేది మొదటి భాగాన్ని కాబట్టి రైమ్ కుదరదు. సిటీకి సరైన జోడీ పిటీ, అంటే జాలి.