కెమెరా కొనే ముందు ఉప్పలపాడు వెళ్లి రండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటున్నాడు. అడవి జంతువుల ఫొటోలు, డాక్యుమెంటరీలు తీసి వాటిని కాపాడతాడట. రెండు లక్షల కెమెరా కావాలంటున్నాడు. ఫొటోగ్రఫీ కోర్సు మంచిదా, వన్యప్రాణుల చదువు మంచిదా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ బెంగ వేరు. ఒకటి, రేపు వాడు ఎలా బతుకుతాడని. రెండోది, బంధువులు అడిగితే ఏం చెప్పాలని. మొదటి భయం న్యాయమైనదే. రెండోది మీ సొంత టెన్షన్, దాన్ని పిల్లాడి నెత్తిన పెట్టకండి. నీట్ వద్దన్నాడని కోప్పడ్డారే గానీ, ఏ పక్షిని చూసి వాడికి ఈ ఆలోచన పుట్టిందో ఒక్కసారైనా అడిగారా?

ఈ దారి మీద నాకూ అనుమానాలున్నాయి. సఫారీ జీపులోంచి తీసిన పులి ఫొటోకు వేల లైకులు వస్తాయి, పులికి ఒరిగేది మాత్రం తక్కువ. గూడుకు మరీ దగ్గరగా వెళితే తల్లి పక్షి గుడ్లు వదిలేసి పోవచ్చు. అరుదైన జంతువు ఫొటోను చోటు పేరుతో సహా పెడితే వేటగాడికి దారి చూపినట్టే. వేలకు వేలు తీసుకునే వర్క్‌షాపులో ఇవి నేర్పకపోతే ఆ డబ్బు దండగ. పైగా కేవలం ఫొటోలు అమ్ముకుని ఇల్లు గడిపేవాళ్లు కొద్దిమందే.

అలాగని కెమెరాకు బలం లేదనను. గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపల వేట మీద మైక్ పాండే తీసిన డాక్యుమెంటరీ తర్వాత, 2001లో మన దేశం ఆ చేపకు చట్టరక్షణ ఇచ్చింది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వలస వచ్చిన అమూర్ ఫాల్కన్ అనే చిన్న డేగలను వలలు పన్ని వేల సంఖ్యలో చంపుతుంటే, జర్నలిస్టు బానో హరాలు, ఫొటోగ్రాఫర్ రామ్‌కి శ్రీనివాసన్, పక్షుల పరిశోధకుడు శశాంక్ దల్వి వంటివాళ్లు వెళ్లి వీడియో తీశారు. అది చూసి జనం కదిలారు. ఊరి పెద్దలతో, వలలు వేసేవాళ్లతో మాట్లాడి ఒప్పించాక, మరుసటి ఏడాది అక్కడ ఆ వేట ఆగింది. ఆ పక్షి గురించి తెలిసినవాళ్లు, ఊరివాళ్లతో మాట్లాడగలిగినవాళ్లు లేకపోతే ఆ వీడియో నాలుగు రోజుల వార్తగా మిగిలేది.

అందుకే నా ఓటు చదువుకే. బైపీసీ ఉంది కాబట్టి బీఎస్సీ జువాలజీ చేయనివ్వండి. తర్వాత డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోనో వన్యప్రాణుల ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. సీట్లు చాలా తక్కువ, రాకపోయినా డిగ్రీ వృథా కాదు. సినిమా మీదే మనసుంటే డిగ్రీ అయ్యాక పుణెలోని ప్రభుత్వ సినిమా స్కూలు ఎఫ్‌టీఐఐ ఉండనే ఉంది. తొందరేం లేదు, వాడికింకా పదిహేడేళ్లేగా.

కెమెరా ఇప్పుడే వద్దు. మీ ఊరి పక్కనే ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, వాటిని కాచుకునే జనం ఉన్నారు. వచ్చే ఆదివారం వాడితో మీరూ వెళ్లండి. ఒక నోటుపుస్తకం, ఫోను చాలు. ఏడాదిపాటు ఏ నెలలో ఏ పక్షి వచ్చిందో రాసుకుని, ఊరివాళ్లతో మాట్లాడి పది నిమిషాల వీడియో తీయమనండి. పూర్తయితే నాకు పంపండి, కెమెరా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.